నూకాలు తెచ్చుకున్న చీల ముక్క

అనగనగా అంటే మరీ పాతకాలం అనుకునేరు. మనుషులు తమ పిల్లలతో సమానంగా ఎడ్లకూ పేర్లు పెట్టి పిలుచుకునే రోజుల్లో రంగవరమని ఒక రాజ్యం ఉండేది. దానికి విజయకేతుడని ఒక రాజుగారు ఉన్నారు. ఉండనివ్వండి. ఈ కథ ఆయనది కాదు. చీపుర్లు కట్టుకుని బతికే నూకాలుది.

రంగవరంలో ఏటేటా మాఘమాసంలో మూడు రోజుల పాటు జోడు పరుగు జరిగేది. ఏటి ఒడ్డున గీత గీసినట్టు తిన్నని బాట. మలుపు లేదు, మిట్ట లేదు. రెండు ఎడ్లబళ్లు పక్కపక్కన నిలబడతాయి. నగారా మీద దెబ్బ పడుతుంది. మీరు ఊపిరి బిగబట్టి వదిలేలోగా పందెం అయిపోతుంది. మిగిలేది దుమ్మే. ఆ దుమ్ము కోసం జనం చద్దిమూటలు కట్టుకుని పది ఊళ్ల అవతల నుంచి వచ్చేవారు.

పరుగెత్తేవి ఎడ్లు. ఎముకలు విరగ్గొట్టుకునేవాడు బండి తోలేవాడు. పూలదండ మాత్రం బండి యజమాని మెడలో పడేది. లోకం తీరు అప్పుడూ అలాగే ఉండేది.

అయితే ఆ మైదానంలో పేదవాళ్ల కోసం ఒక్క మంచి ఆచారం మిగిలి ఉంది. రాలినది అందరిదీ. పరుగులో ఊడిన లాడం, తెగిన పలుపు, జారిన మువ్వ, ఏదైనా సరే, ఏరుకున్నవారి సొంతం. రాజైనా అడ్డు చెప్పడానికి లేదు. కాకపోతే ఏరుకోవడానికి మూడు కట్టుబాట్లు ఉన్నాయి. దుమ్ము అణిగి రెండోసారి నగారా మోగాలి. నేల మీద ఉన్నదే తీసుకోవాలి. బండి మీద చెయ్యి పడకూడదు. కట్టుబాటు తప్పినవారు జన్మలో మళ్లీ ఆ మైదానంలో కాలు పెట్టకూడదు.

నూకాలు ఇరవై రెండేళ్లుగా ఏరుతోంది. ఆమెది ఒంటిగది ఇల్లు. నాలుగు గోడల్లో మూడు ఈ రాలినవాటితోనే నిండిపోయాయి. ఒక్కోదానికీ ఒక్కో జనపతాడు ముక్క కట్టి ఉండేది. కుడి బాటలో రాలిందో ఎడమ బాటలో రాలిందో, ఎన్నో పరుగులో రాలిందో ఆ తాడుకు వేసిన ముళ్లను బట్టి చెప్పేది. అక్షరం రాకపోయినా నూకాలు గోడ మీద ఇరవై రెండేళ్ల చరిత్ర ఉంది. రాజుగారి గ్రంథాలయంలో ఆయన తాతల చరిత్ర ఉంది గానీ, ఒక్క ఎద్దు పేరు కూడా లేదు.

"నూకాలూ, ఇంట్లో ఇక ఎద్దు ఒక్కటే తక్కువ," అనేవాడు ఆమె భర్త ఎరకయ్య.

"అదీ రాలితే తెచ్చేస్తాను," అనేది నూకాలు.

"తెచ్చి ఎక్కడ పడుకోబెడతావు?"

"నీ పక్కన జాగా ఉందిలే."

మైదానంలో ఊరికే దొరికేవి రాలినవే కాదు, పంచేవి కూడా ఉండేవి. రత్నాకరుడనే పెద్ద వర్తకుడు తన ముద్ర వేసిన తాటాకు విసనకర్రలు మైదానం గుమ్మం దగ్గర మనుషుల్ని నిలబెట్టి పంచిపెట్టించేవాడు. జనం ఒకరి మీద ఒకరు పడి తీసుకునేవారు. నూకాలూ తీసుకునేది. తనకొకటి, భర్తకొకటి, జ్వరంతో పడుకున్న ఆడపడుచుకొకటి అని చెప్పి మూడు తెచ్చుకునేది. ఆమెకు ఆడపడుచు లేదు. ఆ విసనకర్రలతో పొయ్యి విసురుకునేది గానీ గోడకు తగిలించేది కాదు.

"పంచినదాని మీద పంచినవాడి పేరుంటుంది. రాలినదాని మీద పరుగు పేరుంటుంది," అనేది.

నూకాలు నాలుగో గోడ ఖాళీగా ఉండేది. అది దాలయ్య గోడ.

దాలయ్య ముప్పై ఏళ్లుగా బండి తోలుతున్నాడు. అందరిలా యజమాని బండి కాదు, తన బండే, తను పెంచిన ఎడ్లే. ఒకదాని పేరు మల్లెడు, ఇంకోదాని పేరు మబ్బుడు. దాలయ్య పరుగు చూస్తుంటే నూకాలుకు ఒళ్లు జలదరించేది. చెర్నాకోల ఎత్తేవాడు కాదు, నాలుకతో టక్ మనేవాడు, అంతే. కానీ ఆయనతో ఒక్కటే చిక్కు. పొద్దున్నే లేచి ప్రతి ముడీ, ప్రతి చీలా తన చేత్తో బిగించుకునేవాడు. ముప్పై ఏళ్లలో దాలయ్య బండి నుంచి ఒక్క మువ్వ రాలలేదు.

"కాస్త వదులుగా కట్టరాదా అన్నా," అని నూకాలు ఒకసారి అడిగింది కూడా.

"నీ గోడ కోసం నా మెడ విరగ్గొట్టుకోమంటావా నూకాలమ్మా," అని నవ్వాడాయన.

ఆ ఏడు దాలయ్యకు ఆఖరి ఏడు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక మానేస్తానని అందరికీ చెప్పాడు. మొదటి రోజు గెలిచాడు. రెండో రోజు గెలిచాడు. మూడో రోజు ఆఖరి పరుగులో ఆయనకు పోటీగా నిలబడింది రత్నాకరుడి బండి. తోలేవాడు గవరయ్యనే కూలి కుర్రవాడు, పాతికేళ్లుంటాయి.

నగారా మోగింది. రెండు బళ్లూ దూకాయి. సగం బాట దాటేదాకా ఎవరు ముందో తెలియలేదు. అప్పుడు రత్నాకరుడి బండి ఎడమ చక్రం ఊడింది. బండి బోర్లా పడింది. గవరయ్య ఎగిరి దూరంగా పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది. దాలయ్య గెలుపు గీత దాకా కూడా పోకుండా ఎడ్లను ఆపి వెనక్కి పరుగెత్తాడు.

జనం గవరయ్య దగ్గరికి ఉరికారు. దుమ్ములో ఎవరికెవరూ కనిపించడం లేదు. నూకాలు కూడా ఉరికింది. దారిలో బోర్లాపడ్డ బండి అడ్డం వచ్చింది. ఆమె చెయ్యి ఇరుసుకు తగిలింది. చక్రం ఊడిన చోట, అది జారిపోకుండా ఇరుసు కొసకు దిగగొట్టే చీల ఉండే రంధ్రంలోంచి ఒక నల్లటి ముక్క వేలెడు పొడుచుకుని ఉంది.

దాలయ్య ఆఖరి పరుగు. దాని గుర్తు తన దగ్గర ఒక్కటీ లేదు. రెండో నగారా ఇంకా మోగలేదు. ఇది నేల మీద లేదు. ఇది బండి. అన్నీ నూకాలుకు తెలుసు. అయినా బొడ్లో దోపుకున్న గడ్డి కొడవలి తీసి, మొన దూర్చి ఆ ముక్కను పెకలించింది. గట్టిగా పట్టుకుని ఉంది, మూడుసార్లు తిప్పితే గానీ రాలేదు. కొంగులో ముడేసుకుంది. అటుపక్క గవరయ్యను నలుగురు మోసుకుపోతున్నారు.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి నూకాలు తల దించుకుని ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్న మట్టి పోవాలని ఆ ముక్కను నీళ్లలో వేసింది. నీళ్లు నల్లబడ్డాయి. ముక్క మాత్రం తెల్లబడింది. చుట్టూ ఎర్రగా ఏదో గట్టిగా అంటుకుని ఉంది.

ఎరకయ్య దాన్ని తీసి గోటితో గీరాడు. "ఇది కర్ర కదే. చుట్టూ ఉన్నది లక్క."

"చక్రం చీల ఇనపదే ఉండాలి కదయ్యా. కర్రచీల విరిగి ఒకప్పుడు ఎవరో చచ్చిపోతేనే కదా ఆ శాసనం పెట్టారు."

"ఉండాలి. కానీ ఇనుము బరువు, కర్ర తేలిక. బండి ఎంత తేలికైతే అంత ముందు. నల్లరంగు పూస్తే ఎవడు చూస్తాడు?"

వాళ్లు ఇలా అనుకుంటుండగానే వీధిలో దండోరా వినిపించింది. పందెం గీత దగ్గర నిలబడ్డప్పుడు తన బండి ఇనపచీలను దాలయ్య లాగేశాడని రత్నాకరుడు ఫిర్యాదు చేశాడట. మధ్యాహ్నం సభలో విచారణట. నేరం రుజువైతే దాలయ్య ఎడ్లు ఖజానాకు, దాలయ్య రాజ్యం బయటికి.

నూకాలు చేతిలో చీపురుగడ్డి అలాగే ఉండిపోయింది. మల్లెడు, మబ్బుడు రాజుగారి రాళ్లబండికి కట్టబడతాయి. దాలయ్య అరిగిన మోకాళ్లతో పొలిమేర దాటి నడుస్తాడు.

"ఈ ముక్క చూపిస్తే చాలు, ఆయన బయటపడతాడు," అన్నాడు ఎరకయ్య.

"ఎక్కడిదని అడుగుతారు."

ఎరకయ్యకు అప్పటికి అర్థమైంది. నెమ్మదిగా అన్నాడు. "నేల మీద దొరికిందని చెప్పు. రాలినది ఏరుకుంటే తప్పేముంది? ఆయనా బతుకుతాడు, నీ మైదానమూ నీకుంటుంది."

నూకాలుకు ఆ మాట తీయగా వినిపించింది.

సభ కిటకిటలాడుతోంది. ముందు వరసలో పట్టుపంచెలు, వెనక వరసలో గోచీలు. ఎప్పుడూ ఉండే అమరికే. రత్నాకరుడు గొంతు సవరించుకుని చెప్పుకొస్తున్నాడు.

"మహారాజా, నా కొట్టానికి రాత్రింబవళ్లు ఆరుగురు కాపలా. అక్కడ ఈగ కూడా దూరదు. బండి నా మనుషుల చేతుల్లోంచి నేరుగా పందెం గీత దగ్గరికే వచ్చింది. అక్కడ దాని పక్కన నిలబడ్డవాడు దాలయ్య ఒక్కడే. చీల తీయడానికి ఎంతసేపు పడుతుంది?"

రత్నాకరుడు పెద్దగా చెప్పాడు, స్పష్టంగా చెప్పాడు, ఉంగరాలున్న చేతులు ఊపుతూ చెప్పాడు. అందుకే పందెం అధికారుల పెరట్లో పడి ఉన్న ఆ ఇరుసు వంక పోయి చూడాలని ఎవరికీ తోచలేదు.

"నేను తీయలేదు ప్రభూ," అన్నాడు దాలయ్య. ఆయనకు మాటలు రావు. ఎడ్లతో మాట్లాడటమే వచ్చు.

నూకాలు జనాన్ని తోసుకుని ముందుకు వచ్చి చీల ముక్కను రాజుగారి ముందు పెట్టింది. "ప్రభూ, రత్నాకరుడి బండిది ఇనపచీల కాదు. రంగు పూసిన కర్రచీల. ఇదిగో."

"ఎక్కడ దొరికిందమ్మా?" అన్నాడు రాజు.

"నేల మీద ప్రభూ."

రత్నాకరుడు నవ్వాడు. "మూడు రోజుల పందెంలో నేల మీద ఎన్ని కర్రముక్కలు పడి ఉంటాయి మహారాజా? ఈవిడ చీపురుపుల్ల తెచ్చి నా బండిదే అన్నా నమ్మాలా?"

సభలో నవ్వులు లేచాయి. రాజు ముక్కను పక్కన పెట్టబోయాడు.

"ఉండండి ప్రభూ," అంది నూకాలు. "ఎక్కడో కాదు. ఊడిన చక్రం పక్కనే దొరికింది."

రాజు చెయ్యి ఆగింది. రత్నాకరుడు ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులూ జోడించాడు.

"అలాగైతే ఒప్పుకుంటాను మహారాజా. నా ఇనపచీల లాగేసి, ఎవరికీ అనుమానం రాకుండా ఈ కర్రముక్క దూర్చాడన్నమాట. ఇంత కుట్ర ఉందని నాకే తెలియదు. మంచి సాక్ష్యం తెచ్చిందీ అమ్మ."

కాపాడదామని తెచ్చిన ముక్కే ఇప్పుడు దాలయ్య మెడకు చుట్టుకుంది. నూకాలు తిరిగి చూసింది. దాలయ్య ముఖంలో కోపం లేదు.

"పోనీలే నూకాలమ్మా," అన్నాడాయన. "నువ్వు చూసింది నువ్వు చెప్పావు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తను చూసింది తను చెప్పలేదు. మైదానంలోని దుమ్ము వాసన, నగారా దెబ్బకు గుండె ఆగినట్టయ్యే ఆ క్షణం, రేపటి మాఘం, ఆ పై మాఘం, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ల ముందు తిరిగాయి. వాటి కోసమే తను సగం మాట నోట్లో దాచుకుంది. ఆ దాచిన సగంతో ఒక మనిషి దేశం దాటిపోతున్నాడు.

"ప్రభూ," అంది నూకాలు. "నేను రెండుసార్లు అబద్ధం చెప్పాను. ఇది నేల మీద దొరకలేదు. నేను బండి మీద చెయ్యి వేశాను. దుమ్ము అణగలేదు, రెండో నగారా మోగలేదు. గవరయ్య చెయ్యి విరిగి అరుస్తుంటే, అతని దగ్గరికి పోకుండా నేను ఇరుసులోంచి దీన్ని కొడవలితో పెకలించాను. దొంగతనమే చేశాను."

ముందు వరసలో గుసగుసలు లేచాయి.

"కానీ పెకలించాను కాబట్టి నాకొకటి తెలుసు," అంది. "అది ఊరికే రాలేదు. మూడుసార్లు తిప్పాను. ఇనపచీల రంధ్రంలో కర్రచీల కదలకుండా చుట్టూ లక్క పోసి బిగించారు. నా కొడవలి మొన గీత ఆ రంధ్రంలో లక్క మీద ఇప్పటికీ ఉంటుంది. లక్క కరగాలంటే నిప్పు కావాలి ప్రభూ. పందెం గీత దగ్గర, ఇంతమంది చూస్తుండగా, దాలయ్య పొయ్యి ఎక్కడ పెట్టాడు?"

వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఈసారి ఆ నవ్వు నూకాలు మీద కాదు.

రాజు ఇరుసు తెప్పించాడు. లక్కగాజులు చేసే పనివాడిని పిలిపించాడు. అతను రంధ్రంలోకి తొంగి చూసి, లోపల లక్క ఉందన్నాడు. దాని మీద కొడవలి గీత ఉందన్నాడు. ఇరుసుకు రెండో వైపున్న చీల కూడా లాగి చూపించాడు. అదీ కర్రే. అదీ లక్కతో బిగించిందే.

"నీ కొట్టంలో ఈగ కూడా దూరదన్నావు కదా రత్నాకరా," అన్నాడు రాజు. "అయితే ఈ లక్క పోసింది నీ మనుషులే కావాలి."

ఇక రత్నాకరుడి బండి ఏ పందెంలోనూ నిలబడకూడదని రాజు శాసించాడు. గవరయ్య చెయ్యి పనిలోకి వచ్చేదాకా అతని ఇంటిల్లిపాదినీ రత్నాకరుడే పోషించాలన్నాడు. దాలయ్య మీద ఏ నిందా లేదని సభలో మూడుసార్లు చాటించాడు.

తర్వాత నూకాలు వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పకపోతే ఒక మంచివాడికి అన్యాయం జరిగి ఉండేది. నీ తప్పు నేను మరిచిపోతాను. వచ్చే మాఘానికి మైదానానికి రా."

సభంతా తలలూపింది. దాలయ్య ముఖం వెలిగింది. నూకాలు గుండె కూడా ఎగిరింది. కానీ ఆమె నోరు ఆమె గుండె మాట వినలేదు.

"మరిచిపోకండి ప్రభూ," అంది. "ఈ పూట నాకు కట్టుబాటు సడలిస్తే, రేపు ఇంకో రత్నాకరుడు వచ్చి నాకూ సడలించమంటాడు. వాడు నాకన్నా బాగా మాట్లాడతాడు. చీల మార్చినవాడికి శిక్ష ఉన్నప్పుడు, చీల పీకినదానికీ ఉండాలి. ముందు వరసకూ వెనక వరసకూ కట్టుబాటు ఒకటే అయితేనే అది కట్టుబాటు."

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే మాట బయటికి వచ్చేసింది, అదీ నిండు సభలో. రాజు తల వంచాడు. సింహాసనం మీద కూర్చున్నవాడు వెనక వరస మనిషి మాటకు తల వంచడం రంగవరంలో అదే మొదలు.

బయటికి వచ్చాక దాలయ్య మబ్బుడి మెడలోని మువ్వ ఒకటి విప్పబోయాడు. "ఇది నీ గోడకు పెట్టుకో నూకాలమ్మా."

"అది రాలలేదు కదన్నా," అంది నూకాలు.

"రాలదు కూడా."

"మరి ఉంచు. ఎద్దు మెడలోనే అందం."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే నూకాలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఏడాది తిరిగింది. మాఘం వచ్చింది. ఊరు ఊరంతా ఏటి ఒడ్డుకు పోయింది. ఎరకయ్యకు నిషేధమేమీ లేదు, అయినా పోలేదు. "నాకు దుమ్ము పడదు," అన్నాడు. ఇరవై రెండేళ్లు భార్య వెంట దుమ్ము తిన్నవాడు ఆ మాట అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చీపుర్లు కట్టసాగారు.

దూరంగా నగారా మోగింది. నూకాలు ఊపిరి బిగబట్టింది. ఎవరి ఎడ్లో, ఏ బాటో తెలియదు. ఊపిరి వదిలింది. జనం హోరు గాలిలో వచ్చి గాలిలోనే పోయింది. ఆమె కట్టిన చీపురు వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కట్టింది.

సాయంత్రం ఎండ వాలుతుండగా వీధి చివర ఒక మనిషి కనిపించాడు. గవరయ్య. విరిగి అతికిన చెయ్యి కాస్త వంకరగా ఉంది. వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. నూకాలు చేతిలోని చీపురు పక్కన పెట్టింది.

"ఆ రోజు నీ దగ్గరికి రాకుండా..." అని మొదలుపెట్టింది.

"తెలుసు అత్తా. సభలో నువ్వే చెప్పావు కదా," అన్నాడు గవరయ్య. "నన్ను మోసుకుపోయిన నలుగురూ మంచివాళ్లే. కానీ నేను పడింది ఎవరి వల్లో చెప్పింది నువ్వు. సరే విను, ఈ రోజు మొదటి పరుగు. కుడి బాటలో ఎర్ర ఎడ్లు, ఎడమ బాటలో కొత్త జత. నగారా మోగేసరికి కొత్త జత నిలబడి నెమరేస్తోంది."

"నెమరేస్తోందా?" అన్నాడు ఎరకయ్య.

"ఒట్టు మావా. తోలేవాడు దిగి వాటిని బతిమాలుతున్నాడు."

నూకాలు పకాలున నవ్వింది. అతను చెబుతుండగానే ఇంకో ఇద్దరు వచ్చారు. "ఎర్ర ఎడ్లు కాదు, కపిల ఎడ్లు," అని గొడవ పెట్టుకున్నారు. తర్వాత నలుగురు వచ్చారు. తర్వాత తన మోకాళ్లను తిట్టుకుంటూ దాలయ్య వచ్చి, ఏ ఎద్దు ఏ అడుగు తప్పు వేసిందో నేల మీద గీసి చూపించాడు. పందెం ఊపిరి బిగబట్టేంతసేపే. చెప్పడం మాత్రం పొద్దుగూకినా తెమలలేదు. అరుగు చాలక జనం వీధిలో కూర్చున్నారు. ఆ ఏడు జోడు పరుగును అందరికన్నా ఎక్కువ చూసింది మైదానంలో కాలు పెట్టని నూకాలే.

కాబట్టి పిల్లలూ, సగం నిజం మనల్నే తప్ప ఎవరినీ కాపాడదు. సాటిమనిషిని కాపాడాలంటే మన తప్పుతో సహా నిజమంతా చెప్పాలి.